అక్కకి తెచ్చిన కూజా మొక్క

మా కౌసల్యక్క హాంబర్గ్ వచ్చిన మొదటి పది రోజులూ హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎదురింటి గోడ చూసింది. ఆ గోడ మీద చూడ్డానికేమీ లేదు. వానకి తడిసి నల్లబడ్డ ఎర్ర ఇటుకలు. పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఎలా కూర్చునేదో సాయంత్రం వచ్చేసరికి అలాగే ఉండేది. మధ్యలో లేచి తిన్నదో లేదో సింకులో ప్లేటు చూసి తెలుసుకునేదాన్ని.

అక్క నాకంటే పదమూడేళ్ళు పెద్ద. బాపట్లలో జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరరు. నేను ఇంటర్ చదివింది ఆ కాలేజీలోనే, ఆవిడ క్లాసులోనే. ఇంట్లో అక్క, కాలేజీలో మేడమ్. హోమ్‌వర్క్ చెయ్యకపోతే అందర్నీ నిలబెట్టినట్టే నన్నూ నిలబెట్టేది.

అక్క ఇక్కడికి రావడానికి అయిదేళ్ళ ముందు మా బావ వెంకటరామారావుగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. అక్క ఉద్యోగం మానేసి ఆయన్ని చూసుకుంది. ఆ నాలుగున్నరేళ్ళలో నేను వెళ్ళింది రెండే రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా పది రోజులు. అందులో మూడు రోజులు నిద్ర చాలక తూలడానికే సరిపోయేవి. మార్చిలో బావ పోయారు. నేను వెళ్ళేసరికి కార్యక్రమాలు సగం అయిపోయాయి. ఆసారి అక్కని సరిగ్గా చూశాను. గాజుల్లేని చేతులకంటే ఆ చేతుల మీద చర్మం నన్ను ఎక్కువ భయపెట్టింది. డెట్టాల్ నీళ్ళలో నాని నాని, ఊడొచ్చే కాగితంలా ఉంది.

అప్పుడే అనుకున్నాను, అక్కని నా దగ్గరికి తీసుకెళ్ళాలని. బావ అక్కగారు బాలామణిగారు ఒప్పుకోలేదు. "ఏడాది తిరక్కుండా దేశం దాటడమేంటి?" అన్నారు. అక్క మాత్రం అటూ ఇటూ ఏమీ అనలేదు. వీసాకి వేలిముద్రలు ఇవ్వమంటే వెళ్ళి ఇచ్చింది. విమానమెక్కమంటే ఎక్కింది.

నా సంగతి కూడా చెప్పాలి. మా ఆయన శరత్ దక్షిణాన ఎక్కడో ఉన్న జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి శుక్రవారం సాయంత్రం వస్తాడు, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోతాడు. మా అమ్మాయి ఈషాకి పన్నెండేళ్ళు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్తుంది, అది కూడా చెప్పాలనిపిస్తే. నేను చేసేది పోర్టులో కంటైనర్లు ఎక్కడున్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ కంపెనీలో. అక్క వచ్చిన ఆ అక్టోబరులో పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెడుతున్నాం. అంటే రోజూ ఎవరో ఒకరు నామీద అరవాలి, నేను ఇంకొకరిమీద అరవాలి. పొద్దున అయిదున్నరకి లేచి అందరికీ వండి, ఏడింటి లోకల్ రైలు ఎస్-బాన్‌లో నిలబడి కళ్ళు మూసుకునేదాన్ని. నిలబడే నిద్రపోవడం నాకప్పుడే వచ్చింది.

అక్క అలా గోడ చూస్తూ కూర్చుంటే నాకు దిగులేసేది. నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చేది. శరత్‌కి ఫోన్‌లో చెప్తే, "వదినగారికి ఏదన్నా వ్యాపకం కావాలి జయా. అన్నేళ్ళు క్షణం తీరిక లేకుండా ఉన్న మనిషి, ఒక్కసారిగా ఖాళీ అయితే పిచ్చెక్కుతుంది" అన్నాడు. ఆఫీసులో భానుప్రియ కూడా అదే మాటంది. నాకూ నిజమేననిపించింది.

ఒక శనివారం బాత్‌రూమ్‌లో బల్బు పోతే ఇంటి రిపేరు సామాన్లమ్మే బౌమార్క్ట్‌కి వెళ్ళాను. బల్బులు దాటితే మొక్కలు. అక్కడ గొలుసుతో వేలాడుతూ కనిపించింది, కూజా మొక్క. పొడుగాటి ఆకు, ఆకు చివర తీగ, తీగ చివర చిన్న కూజా. ఎనిమిది కూజాలున్నాయి. ఎర్రగా, పచ్చ చారలతో, ఒక్కోదానికీ మూత.

కాలేజీ గుర్తొచ్చింది. కీటకాహార మొక్కల పాఠం రోజున అక్క రంగు సుద్దముక్కలు తెచ్చేది. బోర్డు నిండా ఈ కూజా మొక్క, నెపెంథిస్ బొమ్మ వేసేది. తర్వాత ల్యాబ్‌లో బీరువా తీసి, ఫార్మలిన్‌లో మునిగున్న ఒక కూజాని సీసాతో సహా చూపించేది. ఎప్పుడో ఎవరో షిల్లాంగ్ నుంచి తెచ్చిందట. గోధుమరంగులోకి దిగిపోయి, చింతపండు తొక్కలా ఉండేది. "బతికున్నది నేనూ చూళ్ళేదర్రా. ఎప్పటికైనా చూడాలి" అనేది.

మరో ఆలోచన లేకుండా కొనేశాను. బల్బు మర్చిపోయాను.

ఇంటికి తెచ్చి అక్క ముందు పెట్టాను. అక్క కళ్ళజోడు సర్దుకుని ఒంగి చూసింది. ఒక కూజా మూత వేలితో కొద్దిగా ఎత్తింది.

"నెపెంథిస్" అంది.

"బతికున్నది!" అన్నాను.

"ఊఁ. సంకరజాతి. షాపుల్లో అమ్మేవన్నీ ఇవేగా" అంది. నా మొహం చూసి కాబోలు, "బావుందే. మంచి రంగుంది" అని చేర్చింది.

ఈషా వచ్చి, అది ఈగల్ని ఎలా పట్టుకుంటుందని అడిగింది. పట్టుకోదనీ, అంచుమీద నడిచిన పురుగు జారి లోపలున్న నీళ్ళలో పడిపోతుందనీ, మొక్క కదలనైనా కదలదనీ పెద్దమ్మ చెప్పింది. రెండు వాక్యాలే. అయినా ఆ రోజంతా నాకు గెలిచినట్టే ఉంది.

ఆ మొక్క ఎలా చూసుకోవాలో నేనే చదివి తెలుసుకున్నాను. కుళాయి నీళ్ళు పొయ్యకూడదు, వాటిలో సున్నముంటుంది. వాననీళ్ళు పొయ్యాలి. ఎరువు వెయ్యకూడదు. గాలిలో తేమ ఉండాలి. మా కిటికీ కిందే గది వెచ్చబెట్టే హైట్సుంగ్ ఉంది, అది వేసినప్పుడు గది అప్పడం కాల్చినట్టు పొడిగా అయిపోతుంది. కాబట్టి రెండు పూటలా ఆకులమీద నీళ్ళు చల్లాలి. హాంబర్గ్‌లో అన్నిటికీ టెర్మిన్, అదే అపాయింట్మెంటు, తీసుకోవాలి గానీ వానకి అక్కర్లేదు. బాల్కనీలో బకెట్ పెట్టాను, ఒక్క రోజులో నిండింది. స్ప్రే సీసా ఒకటి తెచ్చాను. తర్వాత ఒక తెల్ల కాగితం మీద అన్నీ వరుసగా రాశాను. పొద్దున ఎనిమిదింటికి స్ప్రే. సాయంత్రం ఆరింటికి స్ప్రే. రెండు రోజులకోసారి వాననీళ్ళు. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవకుండా చూడాలి. వారానికోసారి కుండీ తిప్పాలి. ఆ కాగితాన్ని కిటికీ పక్కన గోడకి టేపుతో అంటించాను.

"అక్కా, నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఇది నీ బాధ్యత" అన్నాను.

"సరే" అంది.

చేసింది కూడా. ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. ఆఫీసునుంచి నేను మెసేజ్ పెట్టేదాన్ని, స్ప్రే చేశావా అని. చేశాను అని వచ్చేది. ఒక ఆదివారం ఆవిడ సీసా పట్టుకుని నిలబడితే ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను, "మా మేడమ్ మళ్ళీ డ్యూటీలో" అని రాసి. ముప్పై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఇప్పుడా ఫోటో చూస్తే తెలుస్తుంది, అక్క ఎక్కడా నవ్వలేదు.

నవంబరు రెండో వారంలో, ఒక గురువారం, ఈషాకి పళ్ళ డాక్టరు దగ్గర టెర్మిన్ ఉంటే మధ్యాహ్నం మూడింటికే ఇంటికొచ్చాం. వాన, గాలి. గొడుగు రెండుసార్లు తిరగబడింది. ఆఫీసులో పని సగంలో వదిలేసి వచ్చాను కాబట్టి బుర్రంతా అక్కడే ఉంది. హాల్లోకి రాగానే మొక్క కనిపించింది. అయిదు కూజాలు సగం దాకా గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. ఆకుల అంచులు గరగరలాడుతున్నాయి. కుండీ ఎత్తి చూస్తే దూదిలా తేలిగ్గా ఉంది. బాల్కనీలో బకెట్ పొర్లుతోంది.

అక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇదేంటక్కా, నీళ్ళు పొయ్యలేదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"మరి నేను మెసేజ్ పెడితే చేశాను అన్నావుగా?"

అక్క మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

నేను అలిసిపోయి ఉన్నాను, అది నిజమే. కానీ ఆ తర్వాత అన్న మాటకి అది సాకు కాదు. "పొద్దున్నుంచీ ఊరికే కూర్చునేగా ఉన్నావు అక్కా. ఇంటిపనీ ఆఫీసుపనీ నేనే చూసుకుంటున్నాను. నాలుగు చుక్కలు నీళ్ళు చల్లడానికేమైంది?" అన్నాను.

ఈషా షూ విప్పుతున్నదల్లా ఆగిపోయింది.

అక్క నా వంక తిరిగింది. కోపంగా లేదు. చాలా సేపు నడిచొచ్చిన మనిషి గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకున్నట్టు తీసుకుంది.

"ఆ కాగితం నువ్వే రాశావా?" అంది, గోడవైపు చూపించి.

"నేనే."

"బావ మంచం పక్కన గోడకి కూడా ఒకటుండేది. నేనే రాశాను. ఆరింటికి నీళ్ళు. ఎనిమిదింటికి గొట్టంలోంచి జావ. పదింటికి ఎడమ పక్కకి తిప్పాలి. పన్నెండింటికి కుడి పక్కకి. పెదాలెండిపోకుండా గంటకోసారి దూదితో తడపాలి. డాక్టరు మారినప్పుడల్లా కొత్త కాగితం. ఆయన్ని తీసుకెళ్ళిన మర్నాడు దాన్ని చింపేశాను. ఇక్కడికొచ్చాక నువ్వింకోటి అంటించావు."

"మొక్కే కదక్కా..."

"మొక్కే. అదెండిపోతే ఎవరూ ఏడవరు. నాకు తెలుసు. అయినా పొద్దున కళ్ళు తెరవగానే దానికేమయిందోనని గుండె దడ. లేచొచ్చి చూస్తే ఒక కూజా అంచు నల్లబడి ఉంటుంది. నేనేం తప్పు చేశానో అనుకుంటాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను జయా, చోటు మారితే పాత కూజాలు ఎండిపోతాయని నాకు తెలీదా? తెలిసీ అనుకుంటాను. సోమవారం పొద్దున సీసా చేతిలోకి తీసుకున్నాను. వేలు నొక్కనంది. దింపేశాను. నువ్వు బాధపడతావని చేశానన్నాను."

నేను కుండీ కింద పెట్టాను.

"అందరూ వ్యాపకం వ్యాపకం అంటారు" అంది అక్క. "నాకు వ్యాపకం వద్దే. నేను అలిసిపోయాను. ఇంకొక్క ప్రాణాన్ని కూడా చూడలేను నేను. మొక్కైనా సరే, పిల్లి పిల్లైనా సరే. ఆ గోడ చూస్తే ఎందుకు బావుంటుందో తెలుసా? దానికేమీ అక్కర్లేదు."

"మామా, ఇస్ట్ జీ టోట్?" అని మెల్లిగా నన్నడిగింది ఈషా, అమ్మా, మొక్క చచ్చిపోయిందా అని.

"లేదమ్మా" అంది అక్క, ఆ భాష రాకపోయినా. "ఆకులున్నాయిగా. బతుకుతుంది."

నేను తడికోటుతోనే సోఫాలో కూలబడ్డాను. "నేనూ అలిసిపోయానక్కా" అన్నాను. అలా అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"తెలుస్తూనే ఉంది, నీ మొహం చూస్తే. నీకు చేసిపెడదామని వచ్చాను నిజానికి. ఉన్న మూడు నెలలూ నిన్ను కూర్చోబెట్టి వండిపెడదామనుకున్నాను. వచ్చాక ఒంట్లో చెయ్యడానికేమీ మిగల్లేదని తెలిసింది. సిగ్గేసింది. అందుకే ఏమీ చెప్పలేదు."

ఆ సాయంత్రం కాగితం నేనే పీకేశాను. టేపుతో పాటు గోడకున్న పెయింటు కూడా రూపాయి బిళ్ళంత ఊడొచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు అడుగుతాడు, అడగనీ అనుకున్నాను. మొక్కని బాత్‌రూమ్ కిటికీలోకి మార్చాను. స్నానాల ఆవిరి ఉంటుంది, హైట్సుంగ్ దూరం. ఎండిన కూజాలు కత్తిరిస్తుంటే ఆ చప్పుడు విని అక్క తన గదిలోంచి, "కూజా వరకే కొయ్యి, ఆకు జోలికి పోకు" అంది. అంతకుమించి ఆ మొక్క గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. పళ్ళు తోముకునేటప్పుడు నాలుగు చుక్కలు చల్లేదాన్ని. గుర్తులేని రోజు అదీ లేదు. కొత్త ఆకులు రెండొచ్చాయి గానీ వాటి చివర తీగ ఒట్టిదే, కూజా కట్టలేదు. జనవరిలో భానుప్రియ తీసుకెళ్తానంటే ఇచ్చేశాను.

అక్క నిద్రపోవడం మొదలుపెట్టింది. మామూలు నిద్ర కాదు. పొద్దున పదిన్నర దాకా, మళ్ళీ అన్నం తిని నాలుగింటి దాకా. మొదటి మూడు రోజులు నాకు భయమేసి, గదిలోకి వెళ్ళి దుప్పటి కదులుతోందో లేదో చూసొచ్చేదాన్ని. శరత్ వచ్చిన వారం, "డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడు. చూపించాం. రక్తం తక్కువుందని మాత్రలిచ్చారు, పడుకోనివ్వమన్నారు. పడుకోనిచ్చాం. వంట విషయంలో నేను కూడా కొన్ని వదిలేశాను. వారంలో మూడు రోజులు రొట్టె, జున్ను, టమాటా. ఈషా సంతోషించింది. అక్క ఏమీ అనకుండా తిన్నది. ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి, "అక్కయ్య ఏం చేస్తున్నారు?" అనడిగితే, "నిద్రపోతోందండీ" అనేదాన్ని. వెంటనే మాట మార్చి వాతావరణం గురించి అడిగేవాళ్ళు.

డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం బాలామణిగారు ఫోన్ చేశారు. అక్క ఫోన్ బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కింది. శరత్, నేను, ఈషా భోజనం చేస్తున్నాం. కుశలప్రశ్నలయ్యాక ఆవిడ అసలు విషయానికొచ్చారు.

"కౌసల్యా, మీ అన్నయ్యగారికి రెండు మోకాళ్ళూ మార్చాలన్నారమ్మా. జనవరి పదికి ఆపరేషన్. మా కోడలికి ఉద్యోగం, నాకేమో నడుంనొప్పి. నువ్వు ఈ నెలాఖరుకి వచ్చేస్తావుగా. తిన్నగా మా ఇంటికే వచ్చెయ్యి. రెండు మూడు నెలలు. ఒక్కదానివీ బాపట్లలో ఉండి ఏం చేస్తావు? నీకివన్నీ అలవాటేగా."

నేను ముద్ద కింద పెట్టేశాను. ఏదో అనబోతుంటే శరత్ నా మోచేయి పట్టుకుని ఆపాడు.

అక్క ఎప్పట్లాగే, "అలాగా వదినా" అంది. ఆ మాట ఎన్నేళ్ళుగానో ఆవిడ నోట్లో ఉంది. అత్తగారికీ, ఆడపడుచులకీ, ప్రిన్సిపాలుకీ, డాక్టర్లకీ. తర్వాతి మాట 'సరే' అవుతుందని నాకు ఖాయంగా తెలుసు. అక్క మంచినీళ్ళ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. గ్లాసు బల్లమీద పెడుతుంటే నీళ్ళు చిందాయి.

"నేను రాలేను వదినా."

"అదేంటమ్మా, ఏమన్నా పనుందా?"

"పనేం లేదు. చెయ్యలేను. ఎవర్నన్నా మనిషిని పెట్టుకోండి. నాకు తెలిసిన నర్సు ఒకావిడ ఉంది చీరాల్లో, నంబరు పంపిస్తాను. మంచావిడ."

"ఇంటి మనిషి చూసుకున్నట్టు ఉంటుందా? నీకు అలవాటు కదా అని..."

"అలవాటైపోయిందనే వదినా నా భయం. ఒక్కసారి మీ ఇంట్లో మంచం పక్కన కూర్చున్నానంటే మళ్ళీ లేవను. నన్ను వదిలెయ్యండి."

బాలామణిగారు, "తమ్ముడు పోయాక మాతో నీకేం సంబంధంలే" అని పెట్టేశారు.

ముప్పై అయిదేళ్ళ బంధుత్వం. ఆవిడ అన్న మాటకి ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. చిందిన నీళ్ళు కొంగుతో తుడిచింది. నర్సు నంబరు వెతికి, కళ్ళజోడు పైకెత్తి, ఒక్కో అక్షరం నొక్కుతూ బాలామణిగారికి పంపించింది. అటునుంచి ఏమీ రాలేదు. ఇప్పటికీ మాటల్లేవు. ఆపరేషన్ బాగానే జరిగిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. చీరాల నర్సునే పెట్టుకున్నారట.

"తప్పు చేశానంటావా?" అంది అక్క, ఆ సాయంత్రం టీ తాగుతూ.

"లేదక్కా" అన్నాను.

"చేసినట్టే ఉంది నాకు. ఉండనీ."

డిసెంబరు ఇరవై ఆరున ప్రయాణం. చేతుల మీద చర్మం కొంచెం నయమైంది, ఒళ్ళు చేసింది. ఇంకేమీ మారలేదు. నవ్వు తక్కువే, మాట తక్కువే. బాపట్లలో ఇల్లు మారుస్తాననీ, మంచం వేసిన ఆ గదిలో ఇక ఉండలేననీ చెప్పింది. వీసా ఉన్నది తొంభై రోజులే, లేకపోతే ఉంచేసుకునేదాన్ని. ఉంచుకుని ఏం చేసేదాన్నో నాకూ తెలీదు.

ఎయిర్‌పోర్టులో చెకిన్ దగ్గర ఒకబ్బాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి అక్క పేరు చదివాడు. ఇస్తాంబుల్‌లో విమానం మారాలి, భాష రాదు, తప్పిపోకుండా ఉంటుందని నేనే బుక్ చేశాను. అక్కకి చెప్పడం మర్చిపోయాను. ఆ కుర్చీ చూశాకే గుర్తొచ్చింది. అలాంటి కుర్చీని ఆవిడ ఆసుపత్రి వరండాల్లో ఎన్నిసార్లు తోసిందో.

"నాకెందుకే? నడవగలను కదా" అంది.

"వద్దంటే చెప్పేస్తానక్కా, ఫర్వాలేదు."

అక్క ఆ కుర్చీని చూసింది. పొడుగాటి క్యూ చూసింది. ఆ అబ్బాయి జర్మన్‌లో ఏదో మర్యాదగా అని, కాళ్ళు పెట్టుకునే పలకలు కిందికి దించాడు.

"సరే, తొయ్యనీ" అని కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, శాలువా మోకాళ్ళమీద కప్పుకుంది. సెక్యూరిటీ గేటు దాకా వెళ్ళి చూస్తుంటే, వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంది.